ఆకు వెనక

వాన వెలిసింది. అడవి అల్లం ఆకుల మీద నీళ్ళింకా జారుతున్నాయి…

తెపైరు ఒక్కో ఆకూ తీసి వెనక్కి తిప్పి చూస్తోంది. చేపలు చుట్టడానికి తెచ్చిన ఆకులు. వాటిని కాల్చే గుంతలో రాళ్ళు ఎర్రగా కాలుతున్నాయి. ఇవాళ మధ్యాహ్నమే కూతురు హేరానీ పెళ్ళి.

"ఇంకా ఆకులు తిప్పుతావేంటి వదినా? మన రాయతేయా దీవిలో నత్తలు పోయి నలభై ఏళ్ళయింది," అంది ఆడపడుచు మోయాతా. లోయలోంచి ఆ ఆకులు కోసుకొచ్చింది ఆవిడే.

పోయాయి, నిజమే. ఎవరో ఎక్కడినుంచో తెచ్చి వదిలిన వేట నత్తలు అన్నిటినీ తినేశాయి. కానీ ఇది అమ్మ నేర్పిన అలవాటు. చేతికి పట్టిన అలవాటు.

ఆకు వెనక — నత్త.

వేలిగోరంత. తేనెరంగు గుల్ల మీద ఒక్క గోధుమ చార. బతికే ఉంది.

నా తల్లీ… ఎక్కడ దాక్కున్నావే ఇన్నేళ్ళూ?

ఆ ఇంటి పెళ్ళికూతుళ్ళంతా వేసుకున్న గుల్లల దండ నిన్ననే తెగింది. అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. సరిగ్గా ఇదే రంగు. సరిగ్గా ఇదే చార.

"చూశావా, మీ అమ్మే పంపింది," అంది మోయాతా. "వేణ్ణీళ్ళలో వేశావంటే గుల్ల ఇట్టే ఊడొస్తుంది. దారం ఎక్కించెయ్."

అమ్మ కాలంలో అలాగే చేసేవాళ్ళు. అప్పుడు ఆకుకి పది ఉండేవి.

నీళ్ళు మరుగుతున్నాయి. తెపైరు చెయ్యి చాచింది… ఆగింది.

నత్త పక్కన ఏదో కదిలింది. పెసరగింజంత. దానికీ ఒక గుల్ల. ఈ జాతి గుడ్లు పెట్టదు, బిడ్డనే కంటుంది. ఒక్కసారికి ఒక్క బిడ్డ.

ఇవాళే కనాలటే నువ్వు? నీకు నా కూతురి పెళ్ళిరోజే దొరికిందా?

తెపైరు ఆకు పట్టుకుని కొండెక్కింది. కొత్త గౌను, ఒట్టి కాళ్ళు.

"చర్చి గంట కొట్టేస్తారు వదినా, నీకేమైనా పిచ్చా…"

కొట్టాకే దిగింది. పచ్చగా నిలబడ్డ మొక్క చూసి, దండకి తెచ్చిన దారంతోనే ఆ ఆకుని కట్టి మరీ దిగింది. గౌను అంచంతా బురద.

చర్చి గుమ్మంలో కూతురి మెడలో దండ వేసింది. హేరానీ వేళ్ళు గుల్లల వెంటే నడిచి, ఒకచోట ఆగాయి.

"ఇక్కడ ఖాళీగా ఉందేంటమ్మా?"

"ఉండనీవే. దానికి పసిబిడ్డ. పెళ్ళికి రాలేనంది."

హేరానీ నవ్వింది. తెపైరుకి మాత్రం కళ్ళు నిండాయి.

మళ్ళీ వాన. రేకుల కప్పు మీద చప్పుడు. అందరూ పాట ఎత్తుకున్నారు. తెపైరు కిటికీలోంచి కొండవైపే చూస్తోంది. వేట నత్తలు అంత ఎత్తుకి ఎక్కుతాయో, ఎక్కవో…

అడవి అల్లం ఆకుల మీద నీళ్ళు జారుతుంటాయి.

ఆకు వెనక — ఇద్దరు.