ఎనక్కి పిలవని బోటు

అర్జునరావు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే కాసేపట్లో అందరూ వాణ్ణి తిట్టుకుంటారు. తాగొచ్చి తన్నే రకం కాదు, పెళ్ళాం జీతం మీద పడి తినే రకం అంతకన్నా కాదు. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో చిన్నప్పట్నుంచీ బోటు కళాసీ. ఒక్కతే కూతురు, దుర్గ. ఆ ఒక్క కూతురి దగ్గరే ఓ దొంగపని చేసి సముద్రం మీదికొచ్చేశాడు.

ఆ దొంగపని, ఒక సంతకం పెట్టకపోవడం.

వాడి భార్య తాయారు నర్సు. రెండేళ్ళ కిందట ఇంగ్లండులో ఆసుపత్రి ఉద్యోగం వచ్చి వెళ్ళింది. "నువ్వూ వచ్చీరాదా" అంది. "అక్కడి సముద్రానికి నానెవరో తెలీదే" అన్నాడు వీడు. సరే, పిల్లనైనా పంపించమంది. ద్వారకా నగర్‌లో వీసా కాగితాలు చూసే కీర్తన మేడమ్ విషయం విడమరిచి చెప్పింది. దుర్గకి పద్దెనిమిది నిండకముందే అప్లికేషన్ పడిపోవాలి. అప్పటిదాకానే ఆ పిల్ల తల్లి చాటు బిడ్డ. నిండిందా, ఆ దేశం లెక్కలో వేరే మనిషి, తల్లి పిలిచినా ఈ దారిన రానివ్వరు. తండ్రి ఇక్కడే ఉండిపోతున్నాడు కాబట్టి, పిల్లని పంపడం తనకి ఇష్టమేనని నోటరీ ఎదురుగా సంతకం పెట్టాలి.

వేట నిషేధం రెండు నెలలూ బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి, అర్జునరావు ఇంట్లోనే ఉన్నాడు. ఎప్పుడడిగినా ఏదో ఒక వంక. ఇవాళ వల బాగుచెయ్యాలి, రేపు బోటుకి రంగు వెయ్యాలి, ఎల్లుండి అమావాస్య. చివర్లో వాడి తల్లి ముసలమ్మ అడ్డం పడింది. "మొదటి ఏటకెల్లే ముందర, ఇంట్లో మనిషిని పంపించీసే కాయితం మీద సంతకమేట్రా? గంగమ్మ పూజ అవ్వనీ. ఎల్లొచ్చి పెడుదువు గానీ."

ముసలమ్మకి తారీకులు తెలీవు, పాపం మంచికే అంది. వీడికి తెలుసు. బోటు వేట ముగించుకుని తిరిగొచ్చేసరికి దుర్గకి పద్దెనిమిది దాటిపోతాయి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. వద్దన్న పాపం లేదు, పిల్ల వెళ్ళేదీ లేదు. తప్పంతా సముద్రం మీదికి నెట్టేయొచ్చు. అమ్మ మాట జవదాటని కొడుకులాగ తలూపి బోటెక్కేశాడు.

ఆ రోజు దుర్గ జెట్టీ మీదికొచ్చింది. చంకలో కాగితాల కవరుంది. నోరు మాత్రం విప్పలేదు. ఆ ఇంట్లో వేటకెళ్ళే మనిషిని ఎప్పుడొస్తావని అడగరు. కదిలిన బోటుని వెనక్కి పిలవరు. అర్జునరావు తండ్రి తెప్ప మీద వెళ్ళే రోజుల్లో ఒకసారి బీడీకట్ట మర్చిపోతే, ముసలమ్మ ఇసకలోంచి కేకేసి వెనక్కి పిలిచి చేతికిచ్చింది. ఆయన బీడీలు తీసుకుని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. దుర్గ ఆ కథ వింటూ పెరిగిన పిల్ల.

బోటు డ్రైవరు వాసు, తాయారుకి సొంత తమ్ముడు. లంగరు తీస్తూనే అడిగాడు, "సంతకం పెట్టీసేవా బావా?"

"పెట్టీసేను" అన్నాడు అర్జునరావు, తాడు చుట్టుకుంటూ.

*

మంగళవారం పొద్దున్న. వల పైకి లాగితే రొయ్య బాగానే పడింది. కళాసీలు హుషారుగా ఉన్నారు, ఒకడు పాట కూడా అందుకున్నాడు. అర్జునరావు మాత్రం రొయ్యలు ఏరుతూ ఒకే లెక్క వేస్తున్నాడు. గురువారం దుర్గ పుట్టినరోజు. రేపు సాయంత్రం దాటిపోతే చాలు, ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేరు.

కేబిన్‌లో వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది. వాసు అందుకున్నాడు.

"మావయ్యా, నాను దుర్గని. హార్బర్ నుంచి."

"ఏటే? నాయినమ్మకి బాగుందా?"

"బాగానే ఉంది. నాన్నకియ్యి."

అర్జునరావు చేతులు లుంగీకి తుడుచుకుని వచ్చాడు. ఇదుగో, ఇప్పుడు అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలో నాలుగు రోజులుగా నోట్లో నానబెట్టుకున్నాడు. బోటు నాది కాదమ్మా, నానెలా వత్తాను, నా సేతిలో ఏటుంది?

"ఏటమ్మా" అన్నాడు.

సెట్టులో గాలి చప్పుడు.

"నాన్నా... సేపలు పడ్డాయా?"

"పడతన్నాయమ్మా."

"మోకాలు నొప్పి ఎలాగుంది? మందు రాసుకుంటన్నావా?"

"రాసుకుంటన్నాను."

వెనకాలనుంచి ముసలమ్మ గొంతు వినబడింది, తారీకు సంగతి ఇప్పుడు తెలిసినట్టుంది, ఏడుస్తోంది. "అడగవే తల్లీ! నా మాట ఒగ్గీయే! రమ్మని సెప్పే ఆడికి!"

"నాను పిలవను నాయినమ్మా" అంది దుర్గ, పక్కకి తిరిగి. తర్వాత గొంతు మళ్ళీ దగ్గరికొచ్చింది. "సరే నాన్నా, జాగ్రత్త. ఉంటాను."

సెట్టు ఆగిపోయింది. అర్జునరావు నోట్లో నానబెట్టుకున్న జవాబు నోట్లోనే ఉండిపోయింది. అడిగుంటే కాదనేవాడు. ఆ పిల్ల అడగలేదే! రెండేళ్ళుగా తల్లి ఫోటో దిండు కింద పెట్టుకుని పడుకునే పిల్ల, తండ్రి ప్రాణానికి ఎక్కడ కీడొస్తుందోనని, హార్బర్ దాకా వచ్చి చేపల సంగతి అడిగి వెళ్ళిపోయింది.

వాసు వాడికేసే చూస్తున్నాడు. "పిలవడమేటి బావా? నిన్నెందుకు పిలవాల?"

అర్జునరావు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"బావా, సంతకం పెట్టలేదేటి?"

"లేదురా."

కళాసీల పాట ఆగిపోయింది. వాసు స్టీరింగు వదిలి ఒక్క అడుగు ముందుకేశాడు. "మా అక్క మొగుడివైపోయావు గానీ, ఇంకోడైతే నీళ్ళలోకి తోసీసేవాణ్ణి. ఎందుకూ?"

"దుర్గ గుంట ఎల్లిపోద్దిరా. ఇంటికెల్తే ఎవురుంటారు నాకు? ఖాళీ కొంపలో ఉండలేన్రా నాను." చెప్తుంటేనే ఏడుపొచ్చేసింది వాడికి.

"మా అక్క రెండేళ్ళుగా ఖాళీ కొంపలోనే ఉంది" అన్నాడు వాసు.

అర్జునరావు మొహం తుడుచుకున్నాడు. ముక్కు చీది, "బోటు తిప్పరా" అన్నాడు.

వాసు వెనక్కి తిరిగి కళాసీలని చూశాడు. రెండు నెలలు పని లేక ఇప్పుడే వలేసినవాళ్ళు. ఎవరూ వద్దనలేదు, తిప్పమని కూడా అనలేదు. "తిప్పలేను బావా. ఈళ్ళ నోటికాడి కూడు" అన్నాడు. వెంటనే సెట్టు అందుకున్నాడు. దగ్గర్లోనే వేటాడుతున్న నూకరాజు బోటు గేరు చెడిపోయి పొద్దుటే వెనక్కి బయల్దేరింది. "ఒరే నూకరాజూ, ఆగు. ఓ మనిషిని ఎక్కించుకోవాల."

*

జూన్ సముద్రం ఎవరి మాటా వినదు. రెండు బోట్లనీ పక్కపక్కకి తెచ్చేసరికే చెమటలు పట్టాయి. ఒకటి పైకి లేస్తే ఇంకోటి కిందికి దిగుతోంది. మధ్యలో నీళ్ళు తెల్లగా మరుగుతున్నాయి.

"ఇప్పుడొద్దు... ఇప్పుడొద్దు... దూకు!" అని అరిచాడు వాసు.

దూకాడు. మంచి కాలయితే అందేదే. మోకాలు మడతపడింది. అవతలి బోటు పక్కన వేలాడే టైరు చేతికి దొరికింది, కాళ్ళు నీళ్ళలోకి దిగిపోయాయి. వెనకనుంచి సొంత బోటు అల మీద ఒరుగుతూ వస్తోంది. అది తగిలిందంటే నడుం నుజ్జే.

"ఎనక్కి! ఎనక్కి లాగు!" అని కేకలు. వాసు ఇంజను వెనక్కి తిప్పాడు. నూకరాజు మనుషులు ఇద్దరు వంగి, ఒకడు జుట్టు, ఒకడు చొక్కా పట్టుకుని గోనెబస్తాని లాగినట్టు లాగేశారు. డెక్కు మీద పడి చాలాసేపు లేవలేదు. చెప్పులు సముద్రంలో పోయాయి.

"బావా, బతికున్నావా?" అని వాసు అరుస్తున్నాడు.

చెయ్యెత్తి ఊపాడు.

ఆ బోటు నడక నత్తనడక. మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. సముద్రం ఆలస్యం చేస్తే బాగుండునని కోరుకున్న మనిషి, ఇప్పుడు అదే సముద్రాన్ని నానా బూతులూ తిట్టాడు. మళ్ళీ లెంపలేసుకుని, "తల్లీ గంగమ్మా, నాను ఎదవనే, ఆ గుంట ఏటి సేసింది?" అని మొక్కాడు. రాత్రంతా అదే పని. తెల్లారినా ఒడ్డున యారాడ కొండ కనబడలేదు. కనబడ్డాక కూడా దగ్గరికి రాదే! హార్బర్‌లోకి వచ్చేసరికి బుధవారం మధ్యాహ్నం దాటిపోయింది.

జెట్టీ మీద దుర్గ ఉంది. మావయ్య కబురు పంపాడు మరి. బోటు తాడు వెయ్యకముందే వీడు గట్టు మీదికి గెంతాడు. ఆ పిల్ల తండ్రి మోకాలు చూసింది, ఒట్టి కాళ్ళు చూసింది.

"నాను పిలవలేదు నాన్నా" అంది భయంగా.

"పిలవలేదులే. నానే వచ్చీసేను. ఆటో పిలు."

జగదాంబ దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే, ఆటోలోంచి దిగి ముందున్న బైకులవాళ్ళతో గొడవేసుకున్నాడు. దుర్గ చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. ద్వారకా నగర్‌లో మెట్లెక్కేసరికి నోటరీ ఆయన సంచీ సర్దుకుంటున్నాడు. కీర్తన మేడమ్ ఆయన్ని బతిమాలి కూర్చోబెట్టింది.

తాళ్ళు లాగి వాచిన వేళ్ళు పెన్నుని పట్టుకోలేకపోయాయి. అర్జునరావుకి ఒకప్పుడు వేలిముద్రే. మూడో తరగతిలో ఉండగా దుర్గే పలక మీద దిద్దించి వాడికి సంతకం నేర్పింది. 'ర్జు' దగ్గర ఎప్పుడూ ఆగిపోతాడు. ఇప్పుడూ ఆగిపోయాడు.

"ఒత్తు కిందికి దింపు నాన్నా, కొమ్ము తర్వాత" అంది దుర్గ మెల్లిగా, చిన్నప్పుడు చెప్పినట్టే.

దింపాడు. మిగతాది రాసేశాడు. కాగితమంతా రొయ్యల వాసన.

కీర్తన మేడమ్ కాగితం స్కాన్ చేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. కాసేపటికి కుర్చీ వెనక్కి జరిపి, "అప్లికేషన్ పడిపోయిందండీ. ఇంక రేపు పద్దెనిమిది నిండినా భయం లేదు" అంది. దుర్గ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

కిందికి దిగాక తండ్రీకూతుళ్ళు మెట్ల మీదే కూర్చుండిపోయారు. ఎదురుగా ఆర్టీసీ కాంప్లెక్స్‌కి పోయే బస్సులు, కోచింగ్ సెంటర్ల పిల్లలు. అర్జునరావుకి దారి పొడుగునా ఒకటే మాట నాలిక చివర ఆడుతోంది. మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా? ఆ ఒక్క మాట అడిగెయ్యాలనే ఉంది. కానీ వెళ్ళే మనిషిని అలా అడక్కూడదు. వాడి కోసం ఈ పిల్ల హార్బర్‌లో రమ్మనే మాట మింగింది. దీని కోసం వాడు మింగలేడా?

మోకాలు రాసుకుంటూ అన్నాడు.

"అమ్మా, అక్కడ సేపలు దొరుకుతాయేటి?"

దుర్గ వాడికేసి చూసింది. అర్థమైపోయింది ఆ పిల్లకి. తండ్రి వాచిన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"దొరుకుతాయి నాన్నా" అంది, ఏడుస్తూ.