డ్యూటీ దిగని ముసలాయన

ఆ అయిదంతస్తుల భవనానికి లిఫ్టు లేదు. నాలుగో అంతస్తు ముసలాయన గదే ఆ పని చేసేది. ముప్పై ఒక్క ఏళ్లు పెద్ద బట్టల కొట్లో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. ఈ ఒంటిగది ఇంట్లో చేరిన రోజే తన పాత స్టూలు తలుపు పక్కన వేసుకుని కూర్చున్నాడు, గది నెమ్మదిగా కిందికి దిగింది. అప్పట్నుంచీ పొద్దున ఎనిమిదింటికి ఆఫీసులకు పోయేవాళ్లు ఆయన మంచం పక్కన నిలబడి దిగడం, సాయంత్రం కూరల సంచులతో ఎక్కడం మామూలైపోయింది. మూలన స్టవ్వు దగ్గర ఆయన కూతురు, "కాస్త జరగండి, పాలు పొంగుతాయి" అనేది. ఆ ధీమాతోనే భవనం యజమాని మెట్లకు మరమ్మతు చేయించడం మానేశాడు.

కూతురికి నలభై రెండేళ్లు. ఒకప్పుడు బైండింగు షాపులో పనిచేసేది. తండ్రికి మోకాళ్లు పట్టేశాక ఆ పని మానుకుంది. "ఒక్క ఏడాది చూడక్కా, తర్వాత నేను తీసుకెళ్తా" అన్నాడు వేరే ఊళ్లో ఉండే తమ్ముడు. తమ్ముడి మాట నీటి మీద రాత. ఆ ఏడాది ఆరేళ్లయింది.

ఈమధ్య మూడు నెలలు ముసలాయన స్టూలెక్కలేదు. గోడకేసి తిరిగి పడుకుని, పలకరిస్తే ఊ అనేవాడు కాదు. జనం సణుక్కుంటూ మెట్లెక్కారు. అలాంటిది ఒక సోమవారం తెల్లవారగానే లేచి, తానే గడ్డం గీసుకుని, స్టూలెక్కి, "రండి రండి, లోపలికి జరగాలి" అని కేకేశాడు. కూతురు సంతోషం పట్టలేక అంతస్తు అంతస్తుకీ చెప్పుకుంది. అక్కడే పొరబడింది. మౌనం పోయిందనుకుందే గానీ, దాని బదులు ఏం వచ్చిందో చూసుకోలేదు.

ఆయన నిద్ర మానేశాడు. మంగళవారానికి గది ఎక్కడా ఆగడం లేదు. ఎక్కుతోంది, దిగుతోంది. ఆయన పాడుతున్నాడు, నవ్వుతున్నాడు, ఇంకో వంద అంతస్తులు వేయించి అందరికీ తలొకటి ఇచ్చేస్తానని ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాడు. అంతలోనే కళ్లు మసకబారి, కూతురు తప్ప ఎవరూ లేని గదిని చూసి, "పదహారు మంది ఎక్కారు, ఆపితే తెగిపోతుంది" అని వణుకుతున్నాడు.

"నాన్నా, నేను. కాసిన్ని నీళ్లు తాగు."

"ఎవరమ్మా నువ్వు? ఏ అంతస్తు?"

తలుపు తీస్తే ఎదురుగా గోడ జారిపోతూ కనబడేది. మూడు రోజులుగా ఆమె కాలు బయట పెట్టలేదు. ఫోన్ చేస్తే తమ్ముడు, "వయసు కదక్కా, చాదస్తం. నిద్రమాత్ర వెయ్యి" అన్నాడు. తండ్రి ఈ గదిలోనే, తన కళ్లముందే పోతాడని ఆమెకు భయం పట్టుకుంది.

గురువారం ఉదయం, ఆస్పత్రిలో పనిచేసే రెండో అంతస్తు నర్సమ్మ తన గుమ్మం ముందు నిలబడింది. గది అటుగా పోయేటప్పుడు ఒక్క మాటకే వ్యవధి.

"ఒళ్లు కాలుతోందా?" అంది గది దిగుతుంటే.

"కాలుతోంది" అంది కూతురు గది ఎక్కుతుంటే.

"ఒంటికి సరిగా పోతున్నాడా?"

"లేదు. మంటంటున్నాడు."

"ఒకసారి నిన్ను పోల్చుకుంటాడు, ఇంకోసారి పోల్చుకోడు, అవునా?"

"అవును. గంటకో తీరు."

"ఇది చాదస్తం కాదమ్మా" అంది నర్సమ్మ మరుసటిసారి. "మూత్రంలో ఇన్ఫెక్షను చేరి మతి చెదిరినట్టుంది, దానికి ఉన్మాదం తోడైంది. ఈ వయసులో రెండూ కలిస్తే ప్రాణం మీదికొస్తుంది" అంది ఆ పై సారి. ఆఖరున, "కింద బండి పెట్టిస్తున్నా. ఎలాగైనా ఆపించు" అంది.

కూతురు బతిమాలింది, ఏడ్చింది, స్టూలు పట్టుకుని లాగింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి అంత బలం ఎక్కడిదో, అంగుళం కదల్లేదు. అప్పుడామెకు చిన్నప్పుడు కొట్టుకి క్యారేజీ తీసుకెళ్లిన రోజులు గుర్తొచ్చాయి. అక్కడ లిఫ్టు మనుషులకో పద్ధతుండేది. డ్యూటీ మార్చుకునే రిలీవరు వచ్చి తలుపు మీద రెండుసార్లు తట్టి, భుజం మీద చెయ్యేసి, "దిగన్నా, నేనెక్కుతా" అంటే తప్ప, ఆకలికి కళ్లు తిరుగుతున్నా స్టూలు దిగేవాళ్లు కాదు. ఎక్కినవాడు మళ్లీ ఇంకొకడు వచ్చి తట్టేదాకా దిగకూడదు.

ఆ రెండో సగం కూడా ఆమెకు గుర్తుంది. అందుకే కాసేపు చెయ్యి లేవలేదు. తర్వాత తలుపు మీద రెండుసార్లు తట్టి, తండ్రి భుజం మీద చెయ్యేసింది.

"దిగన్నా" అంది కన్నతండ్రిని. "నేనెక్కుతా."

ముసలాయన ఎగాదిగా చూశాడు. కూతుర్ని పోల్చుకోలేదు, రిలీవర్ని పోల్చుకున్నాడు. "ఇంత ఆలస్యమా? నడుం విరిగిపోయింది" అంటూ లేచి, మంచం మీద కూలబడ్డాడు. ఆమె కూర్చుంది. గది బుద్ధిగా దిగి కింద ఆగింది.

నర్సమ్మ, ఇంకో ఇద్దరు కలిసి ఆయన్ని మోసుకుపోయారు. వెంట పోదామని కూతురు గడప దాకా వచ్చిందో లేదో, గది పైకి లేచింది.

పన్నెండు రోజులు ఆమె అందరినీ ఎక్కించింది, దించింది. నర్సమ్మ రోజూ అన్నం గిన్నె అందించి ఆస్పత్రి కబుర్లు చెప్పేది. జ్వరం దిగింది, నిద్రపోయాడు, కూతురేదని అడిగాడు. నర్సమ్మ చెయ్యి మాత్రం ఎప్పుడూ భుజం దాకా రాలేదు, ఆమెకూ పిల్లలున్నారు. మిగతావాళ్లూ మంచివాళ్లే. "పాపం" అని దిగిపోయేవాళ్లు.

పదమూడో రోజు తమ్ముడు తండ్రిని కింద ఆగిన గదిలోకి తీసుకొచ్చాడు. ముసలాయన చిక్కి సగమయ్యాడు గానీ చూపు నిలిచింది. జరిగినదేదీ గుర్తులేదు. మంచం మీద కూర్చుని, స్టూలు మీదున్న కూతుర్ని చాలాసేపు చూశాడు.

"ఎన్నాళ్లయిందే కూర్చుని?"

"పన్నెండు రోజులు నాన్నా."

"కాదు. ఆరేళ్లు" అన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "ఒరే, ఆ తలుపు రెండుసార్లు తట్టు. అక్క భుజం మీద చెయ్యేసి, దిగక్కా నేనెక్కుతా అను."

జబ్బుపడి లేచిన మనిషి మాట కాదనడమెందుకని తమ్ముడు నవ్వుతూ తట్టాడు, అన్నాడు, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు కూడా. "సరేనా నాన్నా? సాయంత్రం బస్సుకి నాకు టికెట్టుంది."

ముసలాయన దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. కూతురు గడప దాటింది. వెనక గది పైకి కదిలింది.

"అక్కా, దీన్ని ఎలా ఆపాలి?" తమ్ముడి గొంతు ఒకటో అంతస్తు నుంచి వినబడింది, తర్వాత రెండో అంతస్తు నుంచి.

వీధిలో ఎండగా ఉంది. ఆమె కాళ్లకు చెప్పులు లేవు. ఎడమకు వెళ్తే మందుల షాపు, ఇన్నేళ్లూ తిరిగింది ఆ దారే. ఆమె కుడికి తిరిగింది. తమ్ముడి మీద జాలి వేసింది, నిజంగానే వేసింది. అయినా ఆగలేదు.