పటంలో పచ్చచుక్క

మంద నుంచి ఎవరికి ఏమిచ్చినా మంచిదే ఇవ్వాలంటాడు నా మొగుడు ముత్తయ్య. గొర్రెలు కాసే కురుమల ఇంట పుట్టి రోగిష్టిదాన్ని ఒకరి చేతిలో పెడితే కులదేవుడు బీరప్ప ఊరుకోడని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే మా కొంప ముంచింది.

ఆ ఏడు వానాకాలంలో మేడ్చల్ పశువుల దవాఖాన వాళ్లు ఊరూరికీ చిన్న డబ్బాలు పంచారు. గొర్రెల పెంటికలు నింపి ఇస్తే, వాటిలో గుడ్లు వెతికి ఏ ఊళ్లో జలగ రోగం ఉందో చూసి పటం గీస్తారట. ఆ జలగలు నత్తల్లో పెరిగి గడ్డి మీదికెక్కుతాయి. గడ్డితో పాటు గొర్రె కడుపులోకి పోయి, కార్జంలో దూరి దాన్ని తినేస్తాయి. మా ఊళ్లో ఉన్న మంద మాదొక్కటే. బీళ్లన్నిటా ప్లాట్ల రాళ్లు పాతేశాక దానికి శామీర్‌పేట చెరువు అంచు గడ్డే దిక్కయింది.

ముత్తయ్య డబ్బా పట్టుకుని ఎక్కడికి పోయాడనుకున్నారు? బీరప్పకు మొక్కిన పొట్టేలు దగ్గరికి! అది ఇంటి ముందే మక్కలు, తుమ్మకాయలు తింటూ పడి ఉంటుంది, చెరువు మొహమే ఎరగదు. దాని పెంటికలు నల్లగా నిగనిగలాడుతుంటే ఏరి ఏరి నింపాడు. సర్కారోళ్లకు ఇచ్చేది, పాడుది ఎట్లా ఇస్తామన్నాడు.

చలికాలం వచ్చేసరికి గొర్రెలకు దవడ కింద నీళ్లు దిగి సంచుల్లా వేలాడాయి. మేత ముందే కూలిపోయేవి. పక్క ఊళ్లన్నిటికీ మందు పోసేవాళ్లు వచ్చారు, మాకు రాలేదు. నాకు ఒళ్లు మండింది. పొద్దున చచ్చిన చూడిగొర్రె కార్జం కోసి, మోదుగాకుల్లో చుట్టి, బస్సెక్కి మేడ్చల్ పోయాను. వాసనని గొణిగిన కండక్టర్ మీద కూడా నోరు చేసుకున్నాను.

డాక్టరమ్మ సుచిత్ర కార్జాన్ని కోసి నొక్కితే ఆకుముక్కల్లాంటి జలగలు బయటికొచ్చి మెదిలాయి. మందెందుకు పంపలేదని ఆమెను కడిగేశాను. ఆమె గోడమీది పటం చూపించింది. చెరువు చుట్టూ ఊళ్లన్నీ ఎర్రచుక్కలే, మాది మాత్రం పచ్చచుక్క. మా దగ్గర రోగం లేదని, ఉన్న మందు మొత్తం ఎర్రచుక్కలకే పంపారు.

డబ్బాలోవి ఏ గొర్రె పెంటికలని అడిగింది. చెప్పాను.

"బక్కచిక్కిన వాటివే తెమ్మని మేం చెప్పాల్సింది, ఐలమ్మా. చెప్పలేదు."

అంత మాట అన్నాక ఇంకెవర్ని తిట్టను? అక్కడే కూర్చొని ఏడ్చాను.

మర్నాడు ఆమె దొరికిన కాస్త మందు పట్టుకుని మా దొడ్డికి వచ్చింది. అప్పటికే సగం మంద మట్టిలో కలిసింది. సంగతి తెలిసిన దగ్గర్నుంచి ముత్తయ్య అన్నం ముట్టలేదు. ఈ మందు అన్నిటికీ చాలదని, కాస్త గట్టిగా ఉన్నవాటిని ఏరి ఇవ్వమని డాక్టరమ్మ అడిగింది. ఆయన లోపలికి పోయి ఒక్కోదాని దవడ కింద చెయ్యి పెట్టి చూశాడు. చివరిదాకా చూసి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"మంచియి ఏరమంటున్నవ్ గదా బిడ్డా. గీ మందల ఒక్కటి గూడ లేదు."

ఆమె సీసా మూత తీసి, దగ్గరున్న దానితో మొదలుపెట్టింది. ముత్తయ్య దాని నోరు తెరిచి పట్టుకున్నాడు. దానికి మింగే ఓపిక లేక మందంతా మూతి పక్కనుంచి ఆయన చేతుల మీదికి కారిపోయింది.