చెల్లెను తెచ్చే పని

మా మనవడు సుశాంత్ బంగారమని తాండూరులో మా వాడంతా అనడం మొదలుపెట్టినప్పుడు, అబద్ధమెందుకు, నేను పొంగిపోయాను. ఆరేళ్ల పిల్లవాడు. చెప్పులు వరసగా విడుస్తాడు, కంచంలో పెట్టింది పెట్టినట్టు తింటాడు, దాహమేసినా "నీళ్లు తాగొచ్చా?" అని అడిగి తాగుతాడు. అంతకుముందు వీడే మా నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో బండల మీది నుంచి దూకుతుంటే నేను కర్ర పట్టుకుని వెంటపడేదాన్ని. బళ్లో టీచరు జ్యోతిరాణి దారిలో ఆపి మరీ చెప్పింది. "పెద్దమ్మా, పిల్లలంతా మీ సుశాంత్ లెక్కుంటే మాకు ఫికరే ఉండదు." ఆ మాట నేను నలుగురికీ చెప్పుకుని మురిశాను.

మా కోడలు మనీషా మాత్రం సంతోషపడలేదు.

"వాడు అల్లరి చేస్తలేడు అత్తమ్మా. నాకు భయమైతుంది."

నాకు ఒళ్లు మండింది. "చేస్తే ఒక బాధ, చెయ్యకుంటే ఒక బాధనా? ఎట్ల బతకాలె మీతోని!" అన్నాను.

అప్పటికి మా ఇంట్లో దుఃఖం ఇంకా పచ్చిగానే ఉంది. మనీషాకు ఆడపిల్ల పుట్టి మర్నాడే పోయింది. మా ఆయన పాండురంగం, మా కొడుకు ప్రవీణ్ వెళ్లి ఆ పసిగుడ్డును మట్టిలో పెట్టి వచ్చారు. మనీషా వట్టి చేతులతో ఇల్లు చేరింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరమూ ఆ సంగతి ఎత్తలేదు. మా ఇళ్లల్లో అంతే. తల్లి ముందు ఎత్తకూడదంటారు, పిల్లల ముందు అసలే ఎత్తకూడదంటారు.

ఒకరోజు సుశాంత్ వాకిట్లో బండ మీద జారి పడ్డాడు. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. వాడు ఏడవలేదు. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. కన్నీళ్లు వేళ్ల మీదుగా జారుతున్నా కిక్కురుమనలేదు. మనీషా పరుగెత్తుకెళ్లి ఎత్తుకుంటే, వాడు చేతులు తీసి మొట్టమొదట అన్న మాట, "నేను ఏడుస్తలేనమ్మా." అది విన్నాక నాకూ ఏదో తేడాగా ఉందనిపించింది.

ఆ వారమే మనీషా వికారాబాద్‌లో రెబెక్క అనే ఆవిడ సంగతి కనుక్కుంది. మనసులో దిగులున్న పిల్లలకు ఆటలతోనే వైద్యం చేస్తుందట. ప్లే థెరపీ అంటారట. "ఆడుకోనీకి రైలెక్కి పోవాల్నా? మన వాకిలి సరిపోదా?" అన్నాను. పైగా ఆవిడ ఫోన్లో ఇంకో మెలిక పెట్టింది. మొదటిసారి పిల్లవాడు వద్దట, ఇంట్లో పెద్దవాళ్లమే రావాలట. రోగిని ఇంట్లో వదిలి రమ్మనే వైద్యం నా జన్మలో వినలేదు. సణుక్కుంటూనే, శుక్రవారం పిల్లవాణ్ణి బడికి పంపి, నలుగురం రైలెక్కాం.

వికారాబాద్ స్టేషనుకు దగ్గర్లో ఒక మేడ మీద రెండే గదులు. లోపలి గది తలుపు తీసి చూపించింది. ఇసుక తొట్టి, బొమ్మలు, చిన్న చిన్న లారీలు, రంగు డబ్బాలు. మందు వాసన లేదు, సూది లేదు. రెబెక్క నలభై దాటిన మనిషి. మాకు కుర్చీలు వేసి, తను చాప మీద కూర్చుంది. మా ఆయన అది చూసి తనూ కిందికే దిగాడు, ఇక మేమూ దిగక తప్పలేదు.

"బాబును తెచ్చినప్పుడు కొత్త బట్టలు వెయ్యకండి పెద్దమ్మా, పాతవే వెయ్యండి. ఇసుకల ఆడతడు, రంగులు పోసుకుంటడు. మేడంకు నమస్తే పెట్టు, మంచిగ మాట్లాడు అని నేర్పి పంపకండి. బయటికొచ్చినంక ఏం ఆడినవ్, ఏమన్నవ్ అని అడగకండి. వాడే చెప్తే వినండి."

"అడగకుంటే మాకెట్ల తెలుస్తది?" అన్నాను.

"మీకు తెల్వాల్సింది నేను మీతో కూసొని చెప్త. వాడి ఆట మాత్రం వాడిదే. ఇంకోటి, మొదట్ల ఇంట్ల ఎక్కువ ఏడుస్తడు, కోపం చేస్తడు. పిల్లగాడు చెడిపోయిండని మాన్పించకండి."

నోరు కట్టేసుకోమని చెప్తోంది, అదీ నాకు! పక్కన ప్రవీణ్ మీసాల చాటున నవ్వడం నేను చూడకపోలేదు. ఇంటికెళ్లాక వాడి పని చెప్దామనుకున్నాను.

అప్పుడు ఆమె అడిగింది. "పాప గురించి బాబుకు ఏం చెప్పిన్రు?"

మేం ముగ్గురమూ వాడికి ఏమీ చెప్పలేదు. మా ఆయనే నోరు విప్పాడు. "నేనే చెప్పిన మేడం. చెల్లె యాడుంది, చెల్లె యాడుంది అని ఒకటే తీరు అడుగుతుండె. చిన్న పోరడు, సావు గురించి ఏం చెప్తం? దవాఖానల ఉంది, నువ్వు అల్లరి చెయ్యకుండ బుద్ధిగుంటే తెస్తం అన్న. మల్ల అడగలే. మరిచిపోయిండు."

రెబెక్క మెల్లగా అంది. "మరిచిపోలే పెద్దయ్యా. చెల్లెను తెచ్చే పని నెత్తిన పెట్టుకున్నడు. పొద్దున లేచినప్పటి నుంచి అదే పని చేస్తున్నడు."

చెప్పుల వరస, ఖాళీ కంచం, నోటి మీద చేతులు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. మేమంతా బంగారం బంగారం అని మెచ్చుకుంటుంటే ఆ పసివాడు లోపల ఎంత పాటుపడ్డాడో! మనీషా కొంగు నోట్లో కుక్కుకుంది.

మా ఆయన తల వంచుకున్నాడు. "అయితే మీరే చెప్పుండ్రి మేడం. ఆటల పెట్టి జర మెల్లగ చెప్పుండ్రి. మీకు చదువుంది."

"నేను చెప్పను పెద్దయ్యా."

నాకు మళ్లీ మండింది. "నువ్వు చెప్పకుంటే ఇంకెవరు చెప్పాలె? ఇంత దూరం ఎందుకొచ్చినం?"

"మీరే చెప్పాలె పెద్దమ్మా. అబద్ధం ఇంట్ల విన్నడు, నిజం కూడ ఇంట్లనే వినాలె. బయటిదాన్ని నేను చెప్తే, రేపటి నుంచి మీ మాట ఎట్ల నమ్ముతడు? మీరు చెప్పినంకనే నేను మొదలుపెడత. దేవుని దగ్గరికి పోయిందనకండి, నేను గూడ పోత అంటడు. నిద్రపోయిందనకండి, పండుకోవాలంటే భయపడతడు. సచ్చిపోయింది అని చెప్పండి."

శివ శివా, పసివాడితో ఆ మాటా! దెబ్బలాడడానికే నోరు తెరిచాను. కానీ ఆమె గొంతులో బెదిరింపు లేదు, చదువుకున్నానన్న టెక్కు లేదు. మా ముసలాయన కళ్లు తుడుచుకుంటుంటే మంచినీళ్ల గ్లాసు అందించి, "మనవడి మీది పావురంతోనే, ప్రేమతోనే చెప్పిన్రు పెద్దయ్యా, నాకు తెలుసు" అంది. మా తప్పు మాకు చూపిస్తూ మా పరువు కూడా కాపాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తెరిచిన నోరు మూసుకున్నాను.

"నేను చెప్త" అంది మనీషా.

"నీతోని కాదు బిడ్డా, ప్రవీణ్ చెప్తడు" అన్నాను.

"వాడు నా కోసమే కదా అత్తమ్మా ఎదురుచూసింది. నేను చెల్లెను తెస్తననుకున్నడు. నేనే చెప్పాలె."

ఆదివారం పొద్దున, టిఫిన్లయ్యాక, మమ్మల్నందరినీ వాకిట్లో ఉండమంది. అక్కడే వేసిన మంచం మీద కూర్చుని సుశాంత్‌ను ఒళ్లోకి తీసుకుంది.

"నాన్నా, నీకు ఒక నిజం చెప్పాలె. చెల్లె దవాఖానల లేదు. చెల్లె సచ్చిపోయింది. పుట్టినంక దానికి ఊపిరి సరిగ్గ ఆడలే. డాక్టర్లు మస్తు కష్టపడ్డరు. బతకలే."

"మల్ల రాదా?"

"రాదు నాన్నా."

"నేను మంచిగనే ఉన్న కదమ్మా?"

ప్రవీణ్ గోడ వైపు తిరిగిపోయాడు. మనీషా ఆగలేదు.

"మస్తు మంచిగున్నవ్ నాన్నా."

"ఇంకా మంచిగుంటే?"

నేనైతే అక్కడే ఓడిపోయేదాన్ని. వస్తదిలే అని ఏదో ఒకటి అనేసి వాణ్ణి గుండెకు హత్తుకునేదాన్ని. మనీషా వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లల్లోకి చూసింది.

"నువ్వెంత మంచిగున్నా రాదు. నువ్వు అల్లరి చేసినందుకు పోలే. అది నీ చేతుల లేకుండె, నా చేతుల గూడ లేకుండె. నువ్వు ఇంక ఏం చెయ్యాల్సిన పని లేదు."

వాడు తల్లి ఒళ్లోంచి దిగాడు. నేరుగా తాత దగ్గరికి నడిచి, రెండు పిడికిళ్లు బిగించి గుండెల మీద గుద్దాడు.

"నువ్వు అబద్ధం చెప్పినవ్! తెస్తనన్నవ్!"

మా వాడలో మా ఆయన ముందు గొంతెత్తి మాట్లాడిన మగవాడు లేడు. ప్రవీణ్ వాణ్ణి పట్టుకోబోతే మా ఆయన చెయ్యెత్తి ఆపాడు. "అవు కొడుకా. అబద్ధం చెప్పిన. తప్పు నాదే. కొట్టు."

వాడు కొట్టాడు. పెద్దాయన భుజం మీది తువ్వాల జారి కింద పడింది, ఆయన తీసుకోలేదు. కొట్టి కొట్టి అలసిపోయి, వాడు తాత కాళ్ల దగ్గర కూలబడి నోరు పూర్తిగా తెరిచి ఏడవడం మొదలుపెట్టాడు. ఎంత ఏడుపది! ఇన్నాళ్లూ ఆ చిన్న ఒంట్లో ఎక్కడ దాచుకున్నాడో. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. "ఏం కాలే, పోండ్రి మీ పని చూసుకోండ్రి!" అని కసిరాను.

మనీషా ఫోన్ తీసి రెబెక్కకు కలిపింది.

"చెప్పిన మేడం. ఏడుస్తున్నడు. మస్తు గట్టిగ ఏడుస్తున్నడు." ఫోన్‌ను వాడి వైపు చాపి పట్టుకుంది. "ఇనొస్తుందా మేడం?"

"ఇనొస్తుందమ్మా. ఏడ్వనియ్యండి. బుధవారం తీస్కరండి."

ఫోన్ పక్కన పెట్టి మనీషా ఆ మంచం మీదే ఒరిగిపోయింది. పోయిన బిడ్డ కోసం తను మా ఇంట్లో గొంతెత్తి ఏడవడం అదే మొదటిసారి. ఊరుకో అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి పక్కన కూర్చున్నాను. ఊరుకోమని ఎవరమూ అనలేదు.

అత్త కోడలికి దండం పెట్టడం మా ఇళ్లల్లో లేదు. నేను పెట్టాను.