అక్క ఆకలి

రోజూ పొద్దున ఎనిమిదింటికి, సెలూన్‌లో కత్తెరలు సర్దుకుంటూ తమ్ముడు అక్కకి ఫోన్ చేసేవాడు.

"తిన్నావా అక్కా?"

"తిన్నానురా. నువ్వో?"

"తిన్నా."

అంతే. పదకొండేళ్లుగా అక్కాతమ్ముళ్ల ప్రేమంతా ఈ మూడు ముక్కల్లోనే నడుస్తోంది. అక్క చొక్కాలకి కాజాలు కుట్టి కుట్టి కళ్లు పాడుచేసుకున్న మనిషి. ఈమధ్య మోకాళ్లు కూడా మొరాయించాయి. ఉండేదా మూడో అంతస్తు, లిఫ్టు లేదు. రెండు నెలలుగా రేషన్‌కి దిగలేదు. ఈ నెలా తీసుకోకపోతే కార్డు రద్దని ఉత్తరం వచ్చింది. కావాలంటే తన బదులు ఎవరినైనా పెట్టుకోవచ్చని కూడా అందులోనే ఉంది. అక్క తమ్ముడి పేరు రాసి పంపింది. ఇంకెవరి పేరు రాస్తుంది పాపం, ఉన్నది ఆ ఒక్కడే.

రేషన్ ఆఫీసులో గుమస్తా ఆవిడ తమ్ముడి ముందుకి ఫారం తోసింది.

"ఇక్కడ సంతకం పెట్టండి. ఇకనుంచి మీ అక్కగారు తినేదాకా ఆవిడ ఆకలి మీకూ వేస్తుంది. గ్యాస్ ట్రబుల్ ఉంటే ముందే చెప్పండి, వేరే ఫారం ఉంది."

"అబ్బే, నాకలాంటివేం లేవండి."

సంతకం గీకేసి, బియ్యం, పప్పు, నూనె సంచిలో వేయించుకుని సెలూన్‌కి తెచ్చాడు. సంచి అద్దం కింద పెట్టాడు. ఆదివారం సెలవేగా, తీరిగ్గా ఇచ్చొద్దామనుకున్నాడు. ఆవేళ మంగళవారం. మహానుభావుడు!

మధ్యాహ్నం డబ్బా అన్నం ఊడ్చుకు తిన్నాడు. చెయ్యి కడుక్కునేలోపే కడుపు నకనకలాడింది. హోటల్‌కెళ్లి మళ్లీ తిన్నాడు. లాభం లేదు. సాయంత్రానికి ఆకలికి కత్తెర అదుపు తప్పి, గడ్డం చేయించుకోడానికొచ్చిన పోస్టుమాన్ మీసం ఒకవైపు ఎగిరిపోయింది. పరిగెత్తుకుంటూ ఆఫీసుకెళ్లాడు.

"ఏదో పొరపాటు జరిగిందండీ. ఇంకెవరి ఆకలో నాకు వేశారు."

గుమస్తా రిజిస్టరు తిరగేసి చూసింది. "మీ అక్కగారిదేనండి."

"మా అక్క పొద్దున్నే తిన్నానందే!"

"ఫోన్‌లో అందరూ అంతే అంటారు," అని ఆవిడ రిజిస్టరు మూసేసింది.

మర్నాడు ఎనిమిదింటికి మామూలుగానే ఫోన్ చేశాడు.

"తిన్నావా అక్కా?"

"తిన్నానురా."

అప్పుడే వాడి కడుపు ఎంత గట్టిగా అరిచిందంటే అది అక్కకి కూడా వినిపించింది. వాడు ఫోన్ పెట్టేసి, సంచి భుజానేసుకుని, ఉన్న మీసమైనా సరిచేయించుకుందామని వచ్చిన పోస్టుమాన్‌ని కుర్చీలోనే వదిలేసి బయల్దేరాడు.

మూడు అంతస్తులూ ఎక్కేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. అక్క ఇంట్లో బియ్యం డబ్బా తీసి చూస్తే అడుగున కొలతగిన్నె ఒక్కటే ఉంది.

"నాకు చెప్పొచ్చుగా అక్కా."

"నీకూ పిల్లలున్నారు కదురా. అడగడానికి నోరు రాలేదు."

వాడికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే బియ్యం కడిగాడు. అక్క నాలుగు ముద్దలు తిన్నాక వాడికి బ్రేవ్‌మని తేన్పొచ్చింది. అక్క పొలమారేలా నవ్వింది.

గురువారం ఎనిమిదింటికి మళ్లీ అలవాటుగా ఫోన్ చేశాడు.

"తిన్నావా అక్కా?"

"ఇంకా లేదురా," అంది అక్క, పదకొండేళ్లలో మొదటిసారి. "నువ్వొస్తే తిందామని కూర్చున్నా."