తీసిన చోటుకూ పెట్టే చోటుకూ నడుమ

సంఖ్యల మీదుగా కర్సరు ఒక్కొక్క అడుగే వెనక్కి నడుస్తోంది. అతను బాణం మీటను నొక్కిపట్టడు. నొక్కి వదులుతాడు, మళ్ళీ నొక్కుతాడు. నల్లని తెర మీద ఉన్నది కంప్యూటరుకిచ్చే ఒకటే పొడవైన ఆజ్ఞ. ఉదయం విడతలో డయాలిసిస్ చేయించుకునేవారి నంబర్లు, ఒక అడ్డగీత, తరువాత మధ్యాహ్నం విడతవారి నంబర్లు. వరుసలో ఎన్నో స్థానమో అదే బెడ్డు. ఎంటర్ నొక్కితే గోడవార ప్రింటరు ప్రతి విడతకూ రెండేసి కాగితాలు ఇస్తుంది, ఒకటి వార్డుకు, ఒకటి ఫిల్టర్లు సిద్ధం చేసే స్టోరుకు. ఆరూ నలభై ఐదుకు అవి చేరకపోతే ఏడింటికి యంత్రాలు తిరగవు.

అతనికి యాభై నాలుగేళ్ళు. కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి జారి ఉంటుంది. ఏ ఋతువులోనైనా బూడిదరంగు స్వెట్టరు వేసుకుంటాడు, ఎందుకంటే యంత్రాల కోసం చల్లబరిచిన గాలి అతని గదిలోకీ వస్తుంది. గదికి నడవావైపు చేయి పట్టేంత గాజు కిటికీ ఒకటుంది. రోగులు అందులోంచి వంగి మాట్లాడతారు. వాళ్ళకతను లిస్టు మాస్టారు. ఇంట్లో అక్కకు తమ్ముడు. ఈ రెండు పిలుపులకు బయట అతన్ని పిలిచేవారు ఎవరూ లేరు. ఆ లోటు గురించి ఆలోచించే తీరికా అతనికి ఎప్పుడూ చిక్కలేదు.

పని అప్పగించి వెళ్ళిన పాత గుమస్తా రెండు కిటుకులు నేర్పాడు. కంట్రోల్‌తో డబ్ల్యూ నొక్కితే కర్సరుకు ముందున్న సంఖ్య తెగి లోపలికి పోతుంది. కంట్రోల్‌తో వై నొక్కితే తిరిగి వస్తుంది. చేరిన మొదటి నెలలో అతను అరవై ఒకటి అనబోయి పదహారు టైపు చేశాడు. ఒకరి బెడ్డు మీద మరొకరిని పడుకోబెట్టబోయి ఆఖరి నిమిషంలో ఆపారు. ఆనాటి నుంచి ఎవరినైనా మార్చాల్సివస్తే నంబరును వేళ్ళతో కొట్టడు. ఉన్నచోటు నుంచి కోసి, వెళ్ళాల్సిన చోట అతికిస్తాడు. మనిషి వేలు అబద్ధమాడగలదని, ఒకచోట ఉన్నదాన్ని ఉన్నట్టే ఎత్తి మరోచోట పెడితే అబద్ధానికి సందు ఉండదని అతని నమ్మకం.

ఆ ఉదయం మార్పులు మూడు. ముప్పయ్యీ, ఎనిమిదీ అయిపోయాయి. మూడోది నూట పన్నెండు, బట్టలు కుట్టే ఆవిడ. బడిపిల్లల దుస్తులు పొద్దున్నే అప్పజెప్పాలని, తనను మధ్యాహ్నానికి మార్చమని ముందురోజు కిటికీ దగ్గర బతిమాలింది. అతను ఉదయం వరుస చివరనున్న నూట పన్నెండును కోశాడు. కర్సరును అడ్డగీత దాటిస్తుండగా హెడ్ సిస్టర్ తలుపు దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, నలభై ఏడు తీసేయండి. ఆ తొమ్మిదో బెడ్డు నూట పన్నెండుకిచ్చేయండి."

"అలాగేనమ్మా."

ఎందుకని అడగలేదు. ఆరేళ్ళలో ఎందుకని ఎన్నడూ అడగలేదు. కొందరికి కొత్త మూత్రపిండం దొరుకుతుంది, కొందరు వేరే ఊరి ఆసుపత్రికి మారతారు, కొందరు మారరు. తెలియకపోవడం వల్లనే చేయి వణకదని అతను చాలాకాలం క్రితమే తేల్చుకున్నాడు. ఆ నిర్ణయంలో వివేకమెంతో పిరికితనమెంతో విడదీసి చూడలేదు.

నలభై ఏడు గడియారాలాయన. ఒకప్పుడు బస్టాండు ఎదుట చేతిగడియారాలు బాగుచేసేవాడు. వారానికి మూడు రోజులు కిటికీలోకి వంగి, "మాస్టారూ, నన్నింకా లిస్టులో ఉంచారా, ఎత్తేశారా?" అనేవాడు. "పైనుంచి ఆర్డరు రాలేదండీ," అని అతను జవాబిచ్చేవాడు. ఆరేళ్ళుగా ఇద్దరికీ అదే హాస్యం. అరిగిపోయినా మార్చుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

మధ్యాహ్నం వరుస తొమ్మిదో స్థానంలో నలభై ఏడును కోశాడు. ఖాళీ కనబడింది. ఆ ఖాళీలోనే వై నొక్కి, చూపు తిప్పి, పక్కనున్న కాగితంలో నూట పన్నెండు ఎదుట టిక్కు పెట్టాడు. ఎంటర్ నొక్కాడు. ప్రింటరు కదిలింది.

పదకొండున్నరకు నడవా మధ్యాహ్నం వాళ్ళతో నిండింది. అతను తెచ్చుకున్న డబ్బా విప్పాడు. అక్క ఫోన్ చేసింది.

"తిన్నావా?"

"తింటున్నా."

"మూత తీశావు, తినలేదు. నాకు తెలీదా?"

"తింటానక్కా."

"నీకు పెళ్ళామైనా ఉంటే ఈ కాపలా నాకు తప్పేది."

"పాతికేళ్ళ నుంచీ ఇదే అంటున్నావు."

"పాతికేళ్ళ నుంచీ ఇలాగే తింటున్నావు కాబట్టి," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

పన్నెండింటికి మధ్యాహ్నం సిస్టరు వార్డు తలుపు దగ్గర నిలబడి నంబర్లు పిలవసాగింది. పిలుపు అతని కిటికీకి స్పష్టంగా వినబడుతుంది. గడియారపు టిక్కుటిక్కును విననట్టే దాన్నీ వినడు. ఎనిమిది పిలుపులు అయ్యాయి.

"నలభై ఏడు."

అతని చేయి డబ్బా మీద ఆగింది.

"నలభై ఏడు ఉన్నారా? నలభై ఏడండీ."

నడవా చివర కుర్చీలోంచి ఒక అమ్మాయి లేచింది. ముప్పై ఏళ్ళుంటాయి, చేతిలో ఆసుపత్రి కాగితాల కవరు. లేచిన మనిషి నడవలేదు.

"నాన్న రారండీ," అంది. గొంతు మామూలుగానే ఉంది. "పొద్దున నాలుగింటికి పోయారు. సర్టిఫికెట్టు కోసం వచ్చాను నేను."

సిస్టరు కాగితం వైపు చూసింది, అమ్మాయి వైపు చూసింది, తరువాత అందరూ చూస్తుండగా గాజు కిటికీ వైపు చూసింది.

అతను కిటికీ తెరిచేసరికి అక్కడ బట్టలు కుట్టే ఆవిడ నిలబడి ఉంది. పాదాలు చెప్పుల అంచులు దాటి ఉబ్బి ఉన్నాయి. మూడు రోజుల నీరు ఒంట్లో ఉంది. మాటకూ మాటకూ మధ్య గాలి పీల్చుకుంటోంది.

"నన్ను పిలవలేదు మాస్టారూ. పొద్దున్న లిస్టులో లేనన్నారు. ఇప్పుడూ లేనంటున్నారు. నేనెక్కడున్నట్టు?"

అతను పొద్దుటి జాబితా రెండు విడతలూ వెతికాడు. పొద్దున ఆరున్నర నుంచి ఆమె ఏ విడతలోనూ లేదు. కోసిన చోట లేదు, పెట్టాల్సిన చోట లేదు. అతను మాత్రం ఆమె నంబరుకు టిక్కు పెట్టి ఉన్నాడు.

సిస్టరు లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. "తొమ్మిదో యంత్రానికి రక్తం వడకట్టే ఆయన ఫిల్టరు బిగించేశారు, స్టోరుకు మీ కాగితం ఎలా వెళ్ళిందో అలాగే. ఎవరి ఫిల్టరు కడిగి వాళ్ళకే మళ్ళీ వాడాలి, ఒకరిది ఒకరికి పెట్టకూడదు, తెలుసుగా. ఈమెది తెచ్చి కడిగి బిగించేసరికి గంట. అది సరే, ఇంకెవరైనా ఇలా ఎగిరిపోయారా? అది చెప్పండి ముందు. చెప్పందే నేను ఎవరికీ సూది పెట్టను."

లోపలా నడవాలోనూ కలిపి ఎదురుచూసేవాళ్ళు ఇంకా పదిహేడు మంది. అతను తెర ముందు కూర్చున్నాడు. తన వేళ్ళను నమ్మక పెట్టుకున్న పద్ధతే తనను మోసం చేసింది. ఎక్కడ చేసిందో తెలియందే ఇంకెవరిని మింగిందో తెలియదు. మౌసుతో అతికించి చూశాడు. ఎప్పుడో ఎత్తిన సెలవు నోటీసులోని వాక్యం ఒకటి వచ్చింది. చెరిపేసి వై నొక్కాడు. నలభై ఏడు వచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నలభై ఏడే.

కంప్యూటర్లు చూసే ఇంజనీరుకు ఫోన్ చేశాడు.

"మౌసుది వేరే జేబు సార్, కీబోర్డుది వేరే జేబు. దీనిది దానికి తెలీదు," అన్నాడు ఇంజనీరు ఏదో నములుతూ. "పొద్దున ఏం చేశారు వరసగా?"

"ఒకటి కోశాను. అతికించక ముందే ఇంకోటి కోశాను."

"అంతే మరి. ఆఖరున కోసిందే వస్తుంది. మొదటిది దానికింద ఉంటుంది."

"ఉంటుందా? పోలేదా?"

"పళ్ళేల దొంతర సార్. పైది తీస్తేగా కిందది కనబడేది. తెర మీది ఆ కిటికీ మూశారా మధ్యలో?"

"లేదు."

"బతికించారు. మూసుంటే గాల్లో కలిసిపోయేవి. వై నొక్కండి. నొక్కాక వేరే ఏదీ ముట్టుకోకుండా ఆల్ట్ పట్టుకుని వై నొక్కండి."

నొక్కాడు. నలభై ఏడు కరిగి, అదే చోట నూట పన్నెండు నిలబడింది. మళ్ళీ నొక్కాడు. ఎనిమిది. మళ్ళీ. ముప్పై. ఒక్కొక్కదాన్నీ కాగితంతో పోల్చి చూశాడు. ఎనిమిది తన బెడ్డులో ఉంది, ముప్పై తన బెడ్డులో ఉంది.

"ఒక్కరే సిస్టర్," అన్నాడు. "నూట పన్నెండు ఒక్కరే."

"గట్టిగా?"

"గట్టిగా."

కొత్త కాగితం చదివి, వేలితో ఒక్కొక్క నంబరూ తాకి చూశాకే ఇచ్చాడు. ఒంటిగంటా పదికి బట్టలు కుట్టే ఆవిడ తొమ్మిదో బెడ్డు మీద పడుకుంది. లోపలికి వెళ్తూ కిటికీ దగ్గర ఆగి, "దొరికానన్నమాట," అంది.

"తప్పు నాదమ్మా."

"తెలుసులెండి. ఆరు జతలకు కాజాలు కుట్టడం మరిచిపోయాను నేను. అవి అలాగే ఇచ్చేసొచ్చా," అని, ఊపిరి కూడదీసుకోవడానికి గోడ పట్టుకుని, నడిచింది.

అతను గదిలోంచి బయటికి వచ్చాడు. పని వేళలో నడవాలోకి అతను రావడం అంతకుముందు ఎవరూ చూడలేదు. అమ్మాయి అదే కుర్చీలో ఉంది. పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా అతను కూర్చోలేదు.

"పొద్దున ఆ నంబరు తీసింది నేనే. మళ్ళీ పెట్టింది నేనే. చూసుకోలేదు. తీసేయమన్నారు, ఎందుకని అడగలేదు."

ఆమె కవరు అంచును మడిచింది, విప్పింది. "పిలవగానే లేచాను చూడండి," అంది. "పోయారని నాకు తెలుసు. కళ్ళు మూసింది నేనే. అయినా పిలిచేసరికి, లోపల ఎక్కడో ఉన్నారేమో, నేను వెళ్ళి తీసుకురావాలేమో అనిపించింది. ఒక్క క్షణం."

అతను ఏదో అనబోయాడు. ఉన్న మాటలన్నీ ఎవరో ఎక్కడో అనగా విన్నవే, ఎత్తి తెచ్చి ఇక్కడ పెట్టాల్సినవే. పెట్టలేదు. తరువాత, "సర్టిఫికెట్టు మేడ మీద ఇస్తారు. వాళ్ళు రెండింటిదాకా రారు. నేను తోడు వస్తాను," అన్నాడు.

మెట్లు ఎక్కాలంటే వార్డు గుండా వెళ్ళాలి. పద్దెనిమిది యంత్రాలూ తిరుగుతున్నాయి. తొమ్మిదో బెడ్డు పక్కన, సింకు గట్టు మీద, ఇంకా పారేయని గడియారాలాయన ఫిల్టరు తడితడిగా పడి ఉంది. దాని చీటీ మీద వాడిన ప్రతిసారీ తేదీ వేసే చిన్న చిన్న గడులు. వాటిలో పన్నెండోదానిలో, స్టోరువాళ్ళ నీలం సిరాతో, ఆ రోజు తేదీ.