ఏడు సీట్ల వ్యాన్

మా ఇంట్లో బజ్జీలు గరాజ్‌లోనే వేయాలి. ఇల్లు కొన్న కొత్తలో మా ఆయన హర్ష పెట్టిన రూలు ఇది. నూనె వాసన కార్పెట్‌కి పట్టేస్తే రేపు అమ్మేటప్పుడు రేటు పడిపోతుందట. అందుకని కారు పక్కన మడత బల్ల, దాని మీద గ్యాస్ పొయ్యి, దాని ముందు నేను. భూగోళానికి ఈ కొసన ఆగస్టంటే నడి చలికాలం. కాళ్ల కింద సిమెంటు గడ్డకట్టినట్టుంది, మొహానికేమో మూకుడు సెగ. హాల్లోకి వెళ్లే తలుపు ఓరగా తీసి ఉంది. అందులోంచి టీవీ కనిపించదు గానీ హర్ష గొంతు బ్రహ్మాండంగా వినిపిస్తోంది.

"ఇది గొండోలా, కొండ మీదికెళ్లే కేబుల్ కారు. కింద ఊరు చూడు మహీ, ఇళ్లన్నీ అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. ఇది హార్స్ రైడింగ్. మా రిషిగాడు గుర్రం దిగనంటే దిగనన్నాడు."

మహిధర్, హర్ష ఒకే ఏడు ఇక్కడికి చదువుకోడానికి వచ్చారు. మౌంట్ రాస్కిల్‌లోనే మాకు రెండు వీధుల అవతల ఉంటారు మహిధర్, అమృత. మా బల్గేరియా ఫోటోలు చూడ్డానికని ఇద్దరూ భోజనానికి వచ్చారు. చూపించడానికి హర్ష ఉన్నాడు, వండడానికి నేనున్నాను. నేనూ బల్గేరియా వెళ్లొచ్చినదాన్నే మరి! మనురేవాలో సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్ దగ్గర రోజంతా నిలబడి, రెండేళ్లుగా పైసా పైసా దాచినట్టు దాచుకున్న సెలవులన్నీ ఒక్క దెబ్బతో ఊడ్చిపెట్టి వెళ్లాను.

లండన్‌లో ఉండే మా మరిది లోకేశ్ వేసిన ప్లాన్ అది. "వదినా, ఇంత చవగ్గా కొండలు, వైను, ఫుడ్డు యూరప్‌లో ఇంకెక్కడా దొరకవు. నువ్వు ఊరికే వచ్చి రిలాక్స్ అవ్వు, చాలు" అన్నాడు ఫోన్‌లో. ఆ ముక్క పట్టుకుని పిచ్చిదాన్ని, కొండలెక్కే బూట్లు కూడా కొనుక్కున్నాను. మా అత్తగారు మంగతాయారుగారు బయట వండినవి ముట్టరు. స్నానం చేసి వండిన అన్నమైతేనే కంచం ముందు కూర్చుంటారు. అందుకని హోటల్ వద్దని వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకున్నారు. వంటిల్లు ఉందని తేలాక ఇంకేముంది! "ఎలాగూ అమ్మకి వండుతావు కదా, పిల్లలకీ ఓ గుప్పెడు పడెయ్" అన్నాడు హర్ష. "అక్కా, నీ చేతి పప్పుచారు తిని ఎన్నాళ్లయిందో" అంది మా తోడికోడలు వర్షిత. గుప్పెడూ గుప్పెడూ కలిసి ఎనిమిది మందికి రెండు పూటల వంట అయింది.

ఇక్కడ శాండ్రింగ్‌హామ్‌లో ఇండియన్ షాపుల్లో కొన్న కందిపప్పూ ఇంగువా, ఇంట్లో ఉన్న ప్రెషర్ కుక్కరూ భూగోళం అవతలికి మోసుకెళ్లాను. తీరా చూస్తే అక్కడుంది ఇండక్షన్ పొయ్యి. నా అల్యూమినియం కుక్కర్ దాని మీద చచ్చినా వేడెక్కదు. అక్కడి గిన్నెలో పప్పు పెడితే, వీళ్లు కొండెక్కి దిగొచ్చేసరికి కూడా బద్ద బద్దగానే ఉండేది. "ఇంకా ఉడకలేదా?" అంటూ ప్రతివాళ్లూ మూత తీసి చూడ్డమే గానీ గరిటె పట్టుకున్నవాళ్లు లేరు. సింకు ముందు పెద్ద కిటికీ, కిటికీ నిండా కొండలు. పైన ఎక్కడో ఇంకా కాస్త మంచు మిగిలుంది. గిన్నెలు తోముతూ దాన్నే చూసేదాన్ని.

"అన్నయ్యా, ఇన్ని ఫోటోల్లో శ్రీవల్లక్క ఒక్కదాంట్లోనూ లేదేంటి?" హాల్లోంచి అమృత గొంతు.

"తనకి ఈ కొండలెక్కడాలవీ ఇంట్రెస్ట్ లేదమ్మా. పైగా కాళ్లనొప్పులు. హాయిగా రూమ్‌లో రెస్ట్ తీసుకుంటానంది."

నా చేతిలో చిల్లుల గరిటె ఆగిపోయింది. ఎప్పుడన్నాను ఆ మాట? ఏ పూట, ఏ గిన్నె ముందు నిలబడి అన్నాను? హర్ష అబద్ధమాడుతున్నాడంటే ఓ దండం పెట్టి ఊరుకునేదాన్ని. ఆడటం లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు, అదీ నా ఏడుపు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంతే. నాకు సినిమాలు ఇష్టం లేవని, నాకు ఆకలి తక్కువని, నలుగురిలో కలవడం నాకు పడదని నా గురించి నాకు తెలియని సంగతులన్నీ వీళ్లింట్లో అందరికీ తెలుసు. వాళ్లంత గట్టిగా చెబుతుంటే ఒక్కోసారి నాకే అనుమానమొస్తుంది, నిజమేనేమోనని.

వైన్ తోటలు చూడ్డానికని ఒక రోజు వ్యాన్ మాట్లాడారు. అది ఏడు సీట్ల వ్యాను. మేం ఎనిమిది మందిమి. నన్ను ఉండిపొమ్మని ఒక్కరంటే ఒక్కరు అనలేదు, ఆ పాపం నేనెందుకు మూటగట్టుకోవాలి? లెక్క పెట్టుకున్నప్పుడే ఏడుగురనుకున్నారు, అంతే. నేను బూట్లు వేసుకుని కిందికి దిగాక నాలుక కరుచుకున్నారు. "అయ్యో వదినా!" అన్నాడు లోకేశ్. "పోన్లే వల్లీ, రాత్రికి వంట చూస్కో, త్వరగా వచ్చేస్తాం" అన్నాడు హర్ష. నేను తెల్లారకుండా లేచి కలిపిన పులిహోర డబ్బా అత్తగారి ఒళ్లో భద్రంగా ఉంది. దానికి దొరికింది చోటు. వ్యాన్ వెళ్లిపోయాక పైకి వెళ్తూ మెట్ల మీదే కూలబడి కాసేపు ఏడ్చాను.

బజ్జీల పళ్లెం తీసుకుని హాల్లోకి వెళ్లేసరికి టీవీ ఆపేసి ఇంకో ట్రిప్ మాట్లాడుకుంటున్నారు.

"జనవరిలో టౌపో వెళ్దాం. సరస్సు పక్కనే పెద్ద హాలిడే హౌస్ ఉంది, నాలుగు ఫ్యామిలీలం పడతాం" అన్నాడు మహిధర్, బజ్జీ అందుకుంటూ. "శ్రీవల్లి ఉంటే మనకి ఫుడ్ టెన్షనే లేదు."

"తను లీవ్ పెట్టేస్తుందిలే. అప్పటికి ఓ వారం పోగవుతుందిగా" అన్నాడు హర్ష.

నిజమే, జనవరికి ఓ వారం పోగవుతుంది. ఆ వారం ఏం చేయాలో నేనింకా అనుకోలేదు. ఏమీ చేయకుండా పడుకుంటానేమో, బస్సెక్కి ఊరంతా తిరుగుతానేమో. ఏం చేసినా అది నా వారం. నేను నిలబడి సంపాదించుకున్నది.

"నేను రానండీ" అన్నాను.

హర్ష నవ్వాడు. "అదేంటి? బల్గేరియాలో ఎంజాయ్ చేశావుగా?"

"చేశాను. మీరు వైన్ తోటలకెళ్లిన రోజు."

"ఆ రోజు నువ్వు రూమ్‌లోనే ఉన్నావు కదా!"

"లేను. ఇంటి ఓనరు రోసిత్సా తువ్వాళ్లు మార్చడానికొచ్చి, నన్ను తన కారులో కొండ మీదికి తీసుకెళ్లింది. పైన్ చెట్ల మధ్య నుంచి నడుచుకుంటూ సరస్సు దాకా వెళ్లాం. నాకు ఏ నొప్పీ పుట్టలేదు. దిగొచ్చాక వాళ్ల పిన్ని హోటల్లో కూర్చోబెట్టి, మట్టిపాత్రలో చీజూ టమాటాలూ గుడ్డూ వేసి కాల్చింది పెట్టారు. వేడివేడిగా నా ముందుకే తెచ్చిపెట్టారు అమృతా! మళ్లీ వడ్డించనా అని అడిగారు కూడా."

"వైన్ గానీ తాగావా ఏంటి?" అన్నారు టీవీ ముందు కుర్చీలోంచి అత్తగారు. కొడుకులు గ్లాసులు ఊపుకుంటూ దిగిన ఫోటోలు ఇప్పటిదాకా మురిసిపోతూ చూసిందావిడే.

"తాగానండీ. బావుంది."

హర్ష మొహం ఎర్రబడింది. "ముక్కూ మొహం తెలీని మనిషి నిన్నెందుకు తిప్పుతుంది?"

"మీరు వెంట తెచ్చుకున్న వంటమనిషిననుకుంది. వారమంతా పొయ్యి దగ్గరే చూసింది మరి, తనని మాత్రం ఏమంటాం? నీకు సెలవు ఏ రోజని ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టి మరీ అడిగింది. ఇవాళేనన్నాను."

"ఛీ ఛీ, పరువు తీశావు కదే! నువ్వు నా భార్యవని చెప్పొచ్చుగా?"

పళ్లెం బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, అమృత పక్కన ఖాళీగా ఉన్న సోఫాలో కూర్చున్నాను.

"చెబుదామనే నోరు తెరిచాను. చెబితే సెలవు లేదంటుందేమోనని భయమేసి ఊరుకున్నాను."